ట్రైనింగ్ విమానాలు కొండలకే ఎందుకు గుద్దుకున్నాయి?

మీరు అడిగింది ఒకటిలా కనిపిస్తుంది కానీ అందులో మూడు ప్రశ్నలున్నాయండి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు కాల్చకుండానే అన్ని ట్రైనింగ్ విమానాలు కొండలకు ఎలా గుద్దుకున్నాయి? కొండ ఎత్తెంతో పైలట్లకు తెలీదా? ఆ శకలాల్ని ఇన్నేళ్లుగా అక్కడే ఎందుకు వదిలేశారు? మారతహళ్లి నుంచి ఆన్‌సైట్ పని మీద మాంచెస్టర్ వెళ్లి, ఒక ఆదివారం బ్లీక్‌లో కొండెక్కి (అది కొండ పేరేనండి, విభక్తి కాదు), గడ్డిలో ఇంజన్లు పడి ఉండటం చూసి ఇది రాశారు. చివర్లో "గుర్తుగా అరచేతంత ముక్క ఒకటి తెచ్చుకున్నా" అని కూడా అన్నారు. ఆ ముక్క సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నా గురించి ఒక్క మాట. నేను పైలట్‌ని కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి, తర్వాత రిటైరయ్యేదాకా బెంగళూరులోనే ఒక ఓవర్‌హాల్ షాపులో ఆల్టిమీటర్లు, ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్లు విప్పి బిగించాను. సొంతూరు హిందూపురం దగ్గర, ఇల్లు మురుగేశ్‌పాళ్యలో. డయల్ మీద ముల్లు చెప్పేదానికీ, విమానం నిజంగా ఉన్న చోటుకీ తేడా ఎక్కడొస్తుందో మాత్రం కాస్త తెలుసు. ఈ ప్రమాదాల మీద చదివే పిచ్చి అక్కడినుంచే పట్టుకుంది.

ముందు ఒక దిద్దుబాటు. మీరు ఫొటో పెట్టిన శకలాలు యుద్ధం నాటివి కావు. అది అమెరికా వాళ్ల బీ-29 బాంబర్, ముద్దుపేరు ఓవర్ ఎక్స్‌పోజ్డ్. 1946లో బికినీ దీవుల దగ్గర జరిగిన అణుబాంబు పరీక్షల్ని ఫొటోలు తీసిన విమానం. 1948 నవంబర్ 3న స్కాంప్టన్ నుంచి బర్టన్‌వుడ్‌కి, ఇంచుమించు మన బెంగళూరు నుంచి మైసూరంత దూరం, మామూలు ట్రిప్పు వేస్తూ మబ్బులో కొండకు తగిలింది. 13 మంది పోయారు. కానీ అక్కడికి దగ్గర్లోనే జేమ్సెస్ థార్న్ అని ఒక వాలు ఉంది. 1945 మే 18న కెనడా స్క్వాడ్రన్ వాళ్ల లాంకాస్టర్ బాంబర్ అక్కడ పడింది, ఆరుగురు పోయారు. యూరప్‌లో యుద్ధం అయిపోయి అప్పటికి సరిగ్గా పది రోజులు. జర్మనీ మీద బాంబులేసే కాలమంతా బతికి బట్టకట్టిన స్క్వాడ్రన్ విమానం, ఇంగ్లండ్ నడిబొడ్డున 600 మీటర్ల ఎత్తు కూడా లేని చోట నేలకూలింది. రెండు నెలలకి, జులై 24న, అదే చుట్టుపక్కల డకోటా అనే రవాణా విమానం ఒకటి పడి ఏడుగురు పోయారు.

కాబట్టి ఉదాహరణ తప్పినా మీ ప్రశ్న సరైనదే. బ్రిటిష్ బాంబర్ కమాండ్ యుద్ధంలో 55,573 మందిని పోగొట్టుకుంది. అందులో 8,000 మందికి పైగా ట్రైనింగ్‌లోనూ ఇతర ప్రమాదాల్లోనూ పోయినవాళ్లే. అమెరికా అయితే యుద్ధం జరగని తన సొంత గడ్డ మీదే ఆర్మీ ఎయిర్‌ఫోర్సెస్ వాళ్లని దాదాపు 15,000 మందిని విమాన ప్రమాదాల్లో పోగొట్టుకుంది. వీళ్లందరూ కొండలకు గుద్దుకున్నవాళ్లు కారు. టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో, ఇంజన్ ఆగిపోయి పోయినవాళ్లు బోలెడుమంది. అయితే కొండ ప్రమాదాల్లో బతికి బయటపడేవాళ్లు చాలా తక్కువ, విమానం దొరకడం కూడా గగనం. అందుకే అవి జనం నోళ్లలో మిగిలిపోయాయి.

ఇక అసలు విషయం. కొండ ఎత్తు తెలీక ఎవరూ గుద్దుకోలేదు. ఏ కొండ ఎంత ఎత్తో మ్యాప్‌లో అంకె వేసి మరీ ఉంటుంది. మీరు ఎక్కడున్నారో మాత్రం మ్యాప్‌లో ఉండదు. అది మీరే లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క తప్పింది. తప్పిందని తెలియకుండానే, సముద్రమో మైదానమో కింద ఉందన్న నమ్మకంతో మబ్బులోంచి దిగారు. ఈ రెండూ కలిసిన చోట కొండ ఉంది, అంతే.

ఆ కాలంలో దారి తెలుసుకునే పద్ధతి పేరు డెడ్ రెకనింగ్. ఏ దిక్కుకి, ఎంత వేగంతో, ఎంతసేపు పోయామో గుణించి "ఇప్పుడు ఫలానా చోట ఉండాలి" అని పెన్సిల్‌తో చుక్క పెట్టుకోవడం. మన ఊరి లెక్కలో చూద్దాం. చెన్నైలో బయల్దేరి బెంగళూరుకి రావాలి. గాలిలో దాదాపు 290 కిలోమీటర్లు. అప్పటి ట్రైనింగ్ విమానాల్లో పేరున్నది ఆవ్రో ఆన్సన్, దాని వేగం గంటకి 250 అనుకోండి. 70 నిమిషాల ప్రయాణం. దక్షిణం నుంచి గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తోంది, వాతావరణ శాఖ చార్టులో అది లేదు. 70 నిమిషాలయ్యేసరికి విమానం దాదాపు 46 కిలోమీటర్లు ఉత్తరానికి కొట్టుకుపోయి ఉంటుంది. నావిగేటర్ కుర్రాడు మాత్రం మ్యాప్ మీద బెంగళూరు నడిమధ్య చుక్క పెట్టి "వచ్చేశాం సార్" అంటాడు. బెంగళూరు 3,000 అడుగుల ఎత్తులో ఉంది కదా, పైలట్ 4,000కి దిగుతాడు, కింద ఇంకా వెయ్యి అడుగుల ఖాళీ ఉందన్న ధీమాతో. ఆ 46 కిలోమీటర్లు మనల్ని తెచ్చి పడేసే చోటు నంది హిల్స్. దాని శిఖరం 4,800 అడుగులు దాటుతుంది.

పగలు, ఆకాశం తేటగా ఉంటే ఇదేం పెద్ద కష్టం కాదు. కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు, చెరువులు కనిపిస్తాయి. కానీ యుద్ధకాలం. ఊళ్లన్నీ బ్లాకౌట్‌లో ఉన్నాయి, ఒక్క దీపం ఉండదు. రేడియోలో ఎక్కువ మాట్లాడకూడదు. సాయం అడగటానికి డార్కీ అని ఒక ఎమర్జెన్సీ ఏర్పాటు ఉండేది కానీ, అది అందేది కొద్ది దూరం వరకే. 1942 నుంచి, విమానం ఎక్కడుందో చెప్పే గీ అనే రేడియో పరికరం వచ్చింది. మంచి పరికరాలు ఎప్పుడూ ముందు పోయేది యుద్ధానికి పోయే విమానాలకే కదా. ట్రైనింగ్ యూనిట్లకి దక్కేవి స్క్వాడ్రన్లు వాడి వదిలేసిన పాత వెల్లింగ్టన్, విట్లీ బాంబర్లు. అందులో కూర్చునేది 19, 20 ఏళ్ల పిల్లలు.

ఇంకో విచిత్రం చూడండి. ట్రైనింగ్ స్కూళ్లని జర్మన్ ఫైటర్లకు అందకుండా దూరంగా పెట్టాలనుకున్నారు. దూరమంటే పడమర, ఉత్తరం. అంటే వేల్స్, స్కాట్లండ్. బ్రిటన్‌లో పెద్ద కొండలన్నీ ఉన్నదీ, అట్లాంటిక్ నుంచి వచ్చే వాన మబ్బులన్నీ ముందుగా తగిలేదీ అక్కడే. శత్రువుకి దూరంగా పంపామనుకుని కొండకు దగ్గర చేశారు. వేరే దారి లేదు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. వేల్స్‌లో కెర్నార్వన్ పక్కన లాండ్‌రోగ్ అనే ఎయిర్‌ఫీల్డ్ సముద్రం ఒడ్డున ఉంది. అక్కడినుంచి 1,085 మీటర్ల స్నోడన్ శిఖరం 17, 18 కిలోమీటర్లు. ఆన్సన్‌కి నాలుగు నిమిషాల పైచిలుకు దూరం. మన దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ నుంచి నంది హిల్స్‌కి కూడా ఇంచుమించు అంతే. నాలుగు నిమిషాలు లెక్క తప్పడానికి స్టాప్‌వాచ్ నొక్కడం మరిచిపోతే చాలు.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టుకి వస్తాను, కాస్త ఓపిక పట్టండి. ఆల్టిమీటర్ ఎత్తుని కొలవదు. గాలి ఒత్తిడిని కొలిచి దాన్ని ఎత్తుగా చెబుతుంది. లోపల గాలి తీసేసి మూసిన పల్చటి లోహపు రేకు డబ్బా ఉంటుంది. మేం క్యాప్సూల్ అంటాం. పైకి పోయేకొద్దీ బయట గాలి పల్చబడి అది పూరీ పొంగినట్టు పొంగుతుంది. ఆ పొంగు కంటికి ఆనేంత కూడా ఉండదు. లింకులూ పళ్లచక్రాలూ దాన్ని పెంచి పెంచి ముల్లుకి అందిస్తాయి. షాపులో దాన్ని గాజు బెల్‌జార్‌లో పెట్టి గాలి లాగుతూ పరీక్ష చేస్తాం. అప్పుడు డయల్‌ని సన్నగా అదిరిస్తూ ఉండాలి, లేకపోతే ముల్లు 30, 40 అడుగులు వెనకపడి అక్కడే నిలబడిపోతుంది. వేలితో అద్దం మీద టక్కున కొడితే అప్పుడు కదులుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను మొదట చూపించేది అదే.

మా ఇంట్లో ఒక పాత ఆల్టిమీటర్ ఉంది, ఎస్పీ రోడ్డు పాతసామాన్ల కొట్లో కొన్నది. ఓసారి చెన్నైలో మా మేనకోడలి ఇంటికి పోతూ పట్టుకెళ్లాను. బెసంట్ నగర్ బీచ్‌లో ఇసుక మీద పెట్టి, మరచుట్టు తిప్పి సున్నాకి సెట్ చేశాను. తిరిగొచ్చేటప్పుడు కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి మనవడిని చూస్తూ ఉండమన్నాను. రాణిపేట దాకా వాడికి పెద్దగా ఏమీ కనిపించలేదు. చిత్తూరు దాటాక "తాతా, ఎక్కుతోంది ఎక్కుతోంది" అని ఒకటే గోల. కేఆర్ పురం తూగు వంతెన దగ్గర ముల్లు 3,000 దగ్గర నిలబడింది. ఇంతవరకూ బాగానే ఉంది కదా. మర్నాడు పొద్దున పదింటికి చూస్తే ఒక అంకె, సాయంత్రం నాలుగింటికి చూస్తే దానికి వంద అడుగులు ఎక్కువ. వాడు బిత్తరపోయాడు. ఇల్లు ఎక్కడికీ పోలేదు. మన వైపు గాలి ఒత్తిడి రోజూ పొద్దున పది ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది, మూడు నాలుగు మిల్లీబార్ల తేడా. ఒక్కో మిల్లీబార్‌కి ముల్లు దాదాపు 30 అడుగులు కదులుతుంది. ఒత్తిడి తగ్గితే "ఎత్తు పెరిగింది" అంటుంది, పాపం దానికి వేరే మాట రాదు. ఆ నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మన మీదుగా పోయినప్పుడు, మా మురుగేశ్‌పాళ్య ఇల్లు మూడో అంతస్తు నుంచి ఇంకో 150 అడుగులు పైకి లేచింది, డయల్ లెక్క ప్రకారం.

దీన్ని 1941 స్కాట్లండ్‌కి తీసుకెళ్లండి. తూర్పు తీరంలో ఒక పైలట్ ఆల్టిమీటర్‌ని తన ఎయిర్‌ఫీల్డ్ ఒత్తిడికి సెట్ చేసుకుని పడమటికి బయల్దేరాడు. అట్లాంటిక్ నుంచి అల్పపీడనం వస్తోంది, దారిలో ఒత్తిడి 15 మిల్లీబార్లు పడిపోయింది. డయల్ 400 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. చలి కూడా ఒక వాటా తీసుకుంటుంది. చల్లటి గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి, మామూలు కన్నా 15 డిగ్రీలు చల్లగా ఉంటే 3,000 అడుగుల దగ్గర ఇంకో 150 అడుగులకి పైగా మోసం. బలమైన గాలి కొండ మీదుగా దూకేటప్పుడు శిఖరం దగ్గర ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, అదొక కొసరు. పైలట్ కొండ కన్నా వెయ్యి అడుగులు పైనున్నాననుకుంటాడు. నిజంగా ఉన్నది 300, 400 అడుగులు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆల్టిమీటర్‌ది అసలే లేదు. నేను దాన్ని విప్పి చూసినా "సర్వీసబుల్" అనే ట్యాగ్ కడతాను.

ఆ మిగిలిన 300 అడుగుల్ని తినేసేవి రెండు. ఒకటి, కొండ అవతలి వైపు కిందికి దూకే గాలి. దాన్లో చిక్కిన విమానం ముక్కు పైకెత్తి ఫుల్ పవర్ ఇచ్చినా దిగుతూనే ఉంటుంది, ఎందుకంటే ట్రైనింగ్ విమానం నిమిషానికి ఎక్కగలిగే ఎత్తు కన్నా ఆ గాలి దిగే వేగం ఎక్కువ. రెండోది ఐసింగ్.

ఐసింగ్‌కి ఒక కథ చెప్పాలి. 1941 ఏప్రిల్ 13న స్కాట్లండ్‌లో కిన్లాస్ నుంచి ఎన్9857 నంబరు ఆన్సన్ ఆరుగురితో ట్రైనింగ్‌కి బయల్దేరింది. ఆన్సన్ అంటే చెక్క రెక్కలు, ఉక్కు గొట్టాల ఒళ్లు, పైన గుడ్డ, చెరి 350 హార్స్‌పవర్ ఉండే రెండు చీటా ఇంజన్లు. మంచు తుపానులో చిక్కింది. రెక్కల మీద మంచు పేరుకుంటే బరువు పెరుగుతుంది, అంతకన్నా పెద్ద నష్టం రెక్క ఆకారమే మారిపోయి లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి లేపే బలం, పోతుంది. ఎడమ ఇంజన్ పవర్ పోతోందని, మంచు కడుతోందని, ఎత్తు తగ్గుతున్నామని వాళ్ల రేడియో సందేశం. ఆపైన ఏమీ లేదు. దిగిన చోట బెన్ మోర్ ఆసింట్ అనే 998 మీటర్ల కొండ ఉంది. ఆ శకలాలు కనిపించింది మే 25న, 42 రోజుల తర్వాత. అంత మారుమూల నుంచి శరీరాల్ని కిందికి మోసుకురావడం కుదరక, ఆరుగుర్నీ అక్కడే కొండ మీద పూడ్చిపెట్టారు. 2013లో గ్రానైట్ గుర్తురాయిని హెలికాప్టర్‌తో తీసుకెళ్లి దించారు.

వాళ్లకి దిగడం తప్ప గతి లేదు. దిగనక్కర్లేకపోయినా దిగినవాళ్ల సంగతి నన్ను ఎక్కువ వేధిస్తుంది. 1944 అక్టోబర్ 16 తెల్లవారుజామున అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో క్యామెల్స్ హంప్ అనే కొండకు ఒక బీ-24 బాంబర్ రెక్క తగిలింది. మసాచుసెట్స్‌లోని వెస్టోవర్ ఫీల్డ్ నుంచి రాత్రి ట్రైనింగ్‌కి బయల్దేరిన విమానం, పది మంది కుర్రాళ్లు. పోవాల్సిన ఎత్తు 8,000 అడుగులు, పోతున్నది దాదాపు 4,000 దగ్గర. కొండ ఎత్తు 4,083. ఎందుకు దిగారంటే, చలికి తట్టుకోలేక కాస్త వెచ్చటి గాలిలోకి వచ్చి ఉంటారని అక్కడివాళ్లు చెబుతారు. బీ-24లో మన విమానాల్లో ఉన్నట్టు మూసిన క్యాబిన్, హీటింగ్ అనుకోకండి, డొల్ల డబ్బా అది. ఒక్కడు బతికాడు. దొరికేసరికి మంచుకి చేతులూ కాళ్లూ పాడైపోయాయి, తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత లా చదివి లాయరయ్యాడు.

వెతకడం సంగతి. చాలామందికి 2009 సెప్టెంబర్‌లో నల్లమలలో వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ గుర్తొస్తుంది. ఆ ప్రమాదం జరిగిన తీరు వేరు, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. కానీ శాటిలైట్లు, ఫైటర్ జెట్‌లు, వేల మంది ఉన్న కాలంలో కూడా ఆచూకీ దొరకడానికి దాదాపు ఒక రోజు పట్టింది. ఇక 1943 ఎంతో ఊహించుకోండి. ఆ డిసెంబర్ 5న కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గరి హ్యామర్ ఫీల్డ్ నుంచి రాత్రి ట్రైనింగ్‌కి పోయిన ఒక బీ-24 సియెర్రా నెవాడా కొండల్లో కనిపించకుండా పోయింది. మర్నాడు దాన్ని వెతకడానికి పంపిన విమానాల్లో ఇంకో బీ-24 కూడా పోయింది. గాలి దెబ్బకి అదుపు తప్పుతూ, పైలట్ మంచు కప్పిన మైదానం అనుకుని దిగింది హంటింగ్టన్ లేక్ అనే రిజర్వాయర్ మీద. ముందే దూకిన ఇద్దరు బతికారు. డ్యామ్ రిపేరు కోసం నీళ్లు తీసేసినప్పుడు, 1955లో, ఆ రెండోది బయటపడింది. మొదటి విమానం కో-పైలట్ తండ్రి మాత్రం ఏడాదికేడాది వేసవిలో ఆ కొండలన్నీ నడిచి వెతికాడు. 1959లో చనిపోయాడు. 1960లో జియలాజికల్ సర్వే వాళ్లకి అంత ఎత్తులో పేరు లేని ఒక చిన్న చెరువులో విమానం కనిపించింది. ఇప్పుడు మ్యాప్‌లో ఆ చెరువు పేరు హెస్టర్ లేక్, ఆ కుటుంబం ఇంటిపేరు.

అదే కొండల వరసలో, 1942 నవంబర్ 18న శాక్రమెంటో దగ్గరి మేథర్ ఫీల్డ్ నుంచి ఏటీ-7 అనే నావిగేషన్ ట్రైనర్‌లో పైలటూ, ముగ్గురు క్యాడెట్లూ బయల్దేరారు. దారి నేర్చుకోవడానికి పోయినవాళ్లు దారి తప్పారు. 1947లో మెండెల్ గ్లేసియర్ దగ్గర శకలాలు కనిపించాయి. 2005 అక్టోబర్‌లో కొండెక్కేవాళ్లకి ఆ మంచులో ఒక క్యాడెట్ శరీరం దొరికింది, పారాచూట్ విప్పకుండానే ఉంది. 2007లో రెండోవాడు. మనకీ ఇలాంటిదే ఉంది. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో రోహ్‌తాంగ్ దగ్గర మాయమైన ఏఎన్-12. అది ట్రైనింగ్ విమానం కాదు, రవాణా విమానం. 2003లో శకలాలు బయటపడ్డాయి, 2024లో కూడా మంచులోంచి నాలుగు శరీరాలు తీశారు.

ఇవన్నీ చూశాక లాండ్‌రోగ్‌లో జార్జ్ గ్రాహం అనే డాక్టర్ చేసిన పని నాకు పెద్దగా కనిపిస్తుంది. ఆ ఎయిర్‌ఫీల్డ్ మెడికల్ ఆఫీసర్ అతను. కొండ మీద విమానం పడితే అంబులెన్స్ రోడ్డు చివరిదాకా పోయి ఆగిపోయేది. కొండెక్కడం తెలిసిన అతను తన నర్సింగ్ ఆర్డర్లీల్ని, దొరికిన మనుషుల్ని పోగేసి, తాళ్లూ బూట్లూ ఎక్కడెక్కడినుంచో సంపాదించి, రాత్రిపూట కొండెక్కడం నేర్పాడు. 1943లో దాన్నే రాయల్ ఎయిర్‌ఫోర్స్ అధికారికంగా మౌంటెన్ రెస్క్యూ సర్వీస్‌గా గుర్తించింది. మీరు ఇంగ్లండ్‌లో కొండల్లో దారి తప్పితే ఈరోజు కూడా మీకోసం వచ్చేవాళ్లలో వాళ్లూ ఉండొచ్చు.

మీ పోస్టు కింద ఒకాయన "అంతా పైలట్ తప్పిదమే, రికార్డుల్లో అలాగే ఉంది" అని రాశారు. నిజమే, రికార్డుల్లో అలాగే ఉంటుంది. అప్పటి రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో ఫారం 1180 అని ఒక యాక్సిడెంట్ కార్డ్ ఉండేది. అందులో కారణానికి చోటు చాలా కొంచెం. చనిపోయినవాడు ఎదురు చెప్పడు, కాబట్టి ఆ చోట్లో పట్టే మాట అదే. గాలి చార్టు తప్పింది, ఇంజన్ పాతది, రేడియో అందలేదు, సరైన ఒత్తిడి అంకె ఇచ్చేవాళ్లు లేరు, కుర్రాడికి మబ్బులో ఎగిరిన అనుభవం కొన్ని గంటలే. ఇన్నిటికి ఒక కాలమ్ ఎక్కడ సరిపోతుంది? బ్రిటిష్ కామన్వెల్త్ ట్రైనింగ్ పథకం కింద కెనడా ఒక్కటే 1,31,553 మంది ఎయిర్‌క్రూని తయారు చేసింది. ఒప్పందం మీద సంతకం పెట్టింది 1939 డిసెంబర్ 17న. ఆ తొందరని కూడా ఏదో ఒక కాలమ్‌లో రాయాలి కదా, నా అభిప్రాయం అది.

మబ్బులో ఎగరడం అన్నాను కదా. బయట ఏమీ కనిపించనప్పుడు మన చెవి లోపలి బ్యాలెన్స్ అవయవం అబద్ధం చెబుతుంది. విమానం మెల్లగా ఒరిగిపోతున్నా ఒళ్లు "నిటారుగానే ఉన్నాం" అంటుంది. వేగం పెంచితే ముక్కు పైకి లేచినట్టు అనిపించి కిందికి నొక్కుతారు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో మన ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది చూశారా, ఈ భ్రమల్ని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పైలట్లకి చూపిస్తారు. 1941లో కుర్రాళ్లకి ఆ భ్రమ మొదటిసారి తెలిసింది నిజం మబ్బులోనే.

యుద్ధం మన ఊరికి దూరం అనుకోకండి. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ 1940 డిసెంబర్‌లో పుట్టింది. మరుసటి ఏడాదే హార్లో అనే ట్రైనింగ్ విమానాన్ని ఇక్కడ బిగించి ఎగరేశారు. 1943 నుంచి అమెరికన్లు ఆ ఫ్యాక్టరీని తమ డిపోగా వాడుకున్నారు. హిమాలయాల మీదుగా చైనాకి సరుకు మోసిన యుద్ధరంగంలోని విమానాలు ఓవర్‌హాల్‌కి ఇక్కడికే వచ్చేవి. రానివి ఇంకా అరుణాచల్ అడవుల్లో ఉన్నాయి.

ఇప్పుడు ఇలా ఎందుకు జరగడం తగ్గిందంటే ముఖ్యంగా ఒక పెట్టె వల్ల. నేల దగ్గరపడుతుంటే కేకేసే జీపీడబ్ల్యూఎస్. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్‌కి దిగుతున్న ఒక ప్రయాణికుల విమానం వర్జీనియాలో కొండకు గుద్దుకుని 92 మంది పోయాక, అమెరికా దాన్ని పెద్ద విమానాలన్నిటికీ తప్పనిసరి చేసింది. అది రేడియో తరంగంతో కింద నేలని నేరుగా కొలుస్తుంది, నా పూరీ డబ్బాలా ఒత్తిడిని చూసి ఊహించదు.

మూడో ప్రశ్న, శకలాలు ఎందుకు వదిలేశారని. శరీరాలు, తుపాకులు, రహస్య పరికరాలు తీసుకెళ్లేవాళ్లు. మిగతాది మోసుకురావడానికి మనుషులూ లేరు, రోడ్డూ లేదు. కొంత పూడ్చేవాళ్లు, కొంత తగలబెట్టేవాళ్లు, లేకపోతే పైనుంచి పోయే ప్రతి పైలటూ కొత్త ప్రమాదం అనుకుని రిపోర్ట్ చేస్తాడు. ఆన్సన్ పడిన చోట మీకు పెద్దగా ఏమీ కనిపించదు. చెక్కా గుడ్డా పోయి రెండు ఇంజన్లు, తుప్పు పట్టిన గొట్టాలు మిగులుతాయి. బీ-29, లాంకాస్టర్ లాంటివి అల్యూమినియం కాబట్టి నిలబడ్డాయి. ఈసారి పోతే శకలాలు పరుచుకున్న తీరు చూడండి. వాలు వెంబడి పొడుగ్గా పైకి చిమ్మి ఉంటే విమానం సమంగా ఎగురుతూ తగిలినట్టు, అంటే పైలట్‌కి కొండ ఉందని చివరిదాకా తెలీదు. ఒకే గుంటలో కూరుకుపోయి ఉంటే ముక్కు కిందికి పెట్టి పడినట్టు. ప్రొపెల్లర్ రెక్కలు మెలిపడి ఉంటే ఇంజన్ ఆ క్షణానికి తిరుగుతూనే ఉంది.

ఇక మీ టేబుల్ మీదున్న ముక్క. ఫొటో పెద్దది చేసి చూశాను. వరసగా నాలుగు రివెట్లు, పక్కన తెల్లటి పొడి, అల్యూమినియం చెడితే వచ్చేది. తెచ్చుకున్నది తెలియక అని నాకర్థమైంది, కానీ బ్రిటన్‌లో 1986 నాటి మిలిటరీ రిమెయిన్స్ చట్టం ప్రకారం మిలిటరీ విమానం పడిన చోటు నుంచి లైసెన్స్ లేకుండా ఏదీ తీయకూడదు, అరచేతంత ముక్కైనా సరే. బెంగళూరుకి సూట్‌కేసులో పెట్టుకుని రాకండి. వచ్చే ఆదివారం తీసుకెళ్లి ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయండి. బయల్దేరే ముందు కిటికీలోంచి కొండ వైపు చూడండి, తల మీద మబ్బు కూర్చుని ఉంటే ఆ వారం మానేసి పై వారం వెళ్లండి.